వాగుకు అటు ఇల్లు, ఇటు కాపురం

నూజివీడు వెళ్లొచ్చానంటే మద్రాసులో అందరూ అడిగే మొదటి ప్రశ్న, "రసాలు తెచ్చావా?" అని. తెచ్చాను. బుట్టలో సగం దారిలోనే కారి, రైల్లో ఎదురు సీటాయన ధోవతి మీద పడి, ఆయన చేత చివాట్లు తినగా మిగిలినవి తెచ్చాను. రెండో ప్రశ్న మా మాస్టారొక్కరే అడిగారు: "ఏం తేలింది?" అని. వెళ్లేటప్పుడు ఇల్లంటే ఏమిటో తెలుసు, పనికి వెళ్లడమంటే ఏమిటో తెలుసు, సరిహద్దంటే మరీ బాగా తెలుసు. తిరిగొచ్చేసరికి ఆ మూడూ తెలియకుండా పోయాయి. మామిడిపళ్ల మీద మోజుతో అటు వెళ్లదలచుకున్నవాళ్లు నిశ్చింతగా వెళ్లవచ్చు. ఏదో తెలుసుకుందామని వెళ్లేవాళ్లు మాత్రం ఇది చదివి మరోసారి ఆలోచించుకోండి.

నేను మద్రాసులో ఒక కాలేజీలో భూగోళం పాఠాలు చెప్తాను. మా మాస్టారు పైదేశం వెళ్లి చదివి, వస్తూ వస్తూ ఒక మోడల్ తెచ్చుకున్నారు. చేత్తో పట్టుకునే వస్తువు కాదు, కాగితం మీద లెక్క. మనిషి ఇంటి నుంచి పనికి వెళ్తాడు. ఆ రాకపోకలు మరీ దూరమైతే ఇల్లు మారుస్తాడు. ఇల్లు మారితే మళ్లీ రాకపోకలు మారతాయి. ఇవి ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో లెక్క కట్టవచ్చునని ఆయన నమ్మకం. మధ్యలో ఒక సరిహద్దు అడ్డం వస్తే ఆ లాగుడు ఏమవుతుందన్నది ఆయన సందేహం. చాట్రాయికి అవతల అలాంటి చోటుందని ఎవరో చెప్పారట. నిన్నమొన్నటి దాకా వాగుకు ఒక పక్క నైజాం, ఇంకో పక్క మనం. ఇప్పుడు రాష్ట్రం ఒకటే, జిల్లాలు మాత్రం రెండు: ఇటు కృష్ణా, అటు ఖమ్మం. "నువ్వు సరిహద్దు పిల్లవే కదా, నీకు తేలిగ్గా అర్థమవుతుంది," అని నన్ను రైలెక్కించారు.

నేను రాయదుర్గం దాన్ని. మాకు బళ్లారి దగ్గరే. బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్లాక మా మేనమామ ఇల్లు అటుపక్క, ఆయన దుకాణం ఇటుపక్క పడ్డాయి. మా దగ్గర సరిహద్దు దాటితే భాష మారుతుంది, బోర్డుల మీద అక్షరాలు మారతాయి, ఎటున్నామో గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఇక్కడ భాష మారలేదు. మాటలు మాత్రం నన్ను చాలా ఇబ్బంది పెట్టాయి.

హనుమాన్ జంక్షన్

లారీలు, దుమ్ము, డ్రైవర్ల కేకలు, వేడివేడి పెసరట్ల వాసన. పెద్ద రోడ్డు మీద ఆంజనేయస్వామి గుడి. కాఫీ హోటల్లో కూర్చుని, ఇక్కడి నుంచి ఏ జిల్లా మొదలవుతుందని అడిగాను. గ్లాసులు తెచ్చే పెద్దాయన నా వంక జాలిగా చూశాడు.

"స్వామివారు కృష్ణా జిల్లాలో ఉన్నారండి. మనం చెప్పులు విడిచేది పశ్చిమగోదావరండి. మీరిప్పుడు కూర్చున్నదెక్కడంటే మటుకు నేను చెప్పలేనండి."

నవ్వాను. బాగానే మొదలైందనుకున్నాను. అలవాటు కొద్దీ ఆయన్ని కూడా అడిగేశాను. "మరి మీ ఇల్లెక్కడ?"

"బాపులపాడండి."

"రోజూ అక్కడి నుంచి వచ్చి పోతుంటారా?"

"ఎందుకండీ? ఇక్కడే బల్లల మీద పడుకుంటాను. ఇల్లు బాపులపాడే గానండి, వెళ్లి చానాళ్లయిందండి. పక్కనే కదండీ, ఎప్పుడైనా వెళ్లొచ్చని వెళ్లలేదండి."

మా మాస్టారి లెక్క ప్రకారం దగ్గరున్నవాడు రోజూ ఇంటికి వెళ్లాలి. మరీ దగ్గరని వెళ్లనివాణ్ని ఏ గడిలో వేయాలో నాకు తెలియలేదు. కాఫీ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ధర రెండణాలన్నాడు. చిల్లర నయాపైసల్లో ఇచ్చాడు. ఒక పైసా ఎక్కడో జారిపోయిందని నా అనుమానం, కానీ రుజువు చేయలేను.

నూజివీడు

వేసవిలో నూజివీడు బజారులో అడుగు పెడితే కళ్లకంటే ముందు ముక్కు నిండిపోతుంది. బళ్లు, బళ్ల మీద వరిగడ్డి, గడ్డిలో కాయలు. బంగినపల్లి, కలెక్టరు, చిన్నరసం, పెద్దరసం అని పిల్లల పేర్లు చెప్పినట్టు చెబుతున్నారు. చిన్నరసానికీ పెద్దరసానికీ తేడా సైజులో ఉందనుకుని నేనొక పెద్ద కాయ చూపించి పెద్దరసమన్నాను. బండి దగ్గరున్నామె, "అది బాగా తిన్న చిన్నరసం అమ్మా," అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

మా సీమలో మామిడిపండును కత్తితో కోసి, ముక్కలు పళ్లెంలో పెట్టుకుని, మర్యాదగా తింటాం. ఇక్కడ రసానికి కత్తి తగిలితే అది ఆ కాయకే అవమానం. రెండు అరచేతుల మధ్య పెట్టి మెత్తగా పిసికి, పైన ముచ్చిక తీసి, ముందు నాలుగు చుక్కలు కింద పిండేసి, అప్పుడు పీల్చాలి. ఆ నాలుగు చుక్కల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ముచ్చిక దగ్గరి సొన నా పెదవికి అంటుకుంది. సాయంత్రానికి పొక్కింది. మర్నాటికి పై పెదవి బూరెలా ఉబ్బింది. ఈ యాత్రలో నేనడిగిన ప్రశ్నలన్నీ ఆ పెదవితోనే అడిగానని పాఠకులు గుర్తుంచుకోవాలి. జవాబులు తిన్నగా రాకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

చాట్రాయి అవతల తోట

చాట్రాయి దాటాక నేల కొంచెం కొంచెం లేస్తూ ఎర్రబడుతుంది. వరిచేలు వెనకబడతాయి, రోడ్డుకు రెండు పక్కలా తోటలు. మా కాలేజీలో పనిచేసే ఒకావిడకు పెద్దనాన్న వరసయ్యే వెంకట్రామయ్యగారింట్లో నా బస. తోటలోనే పెంకుటిల్లు. ఆయన భార్య రత్తమ్మగారు నన్ను చూడగానే, "ఒక్కదానివే వచ్చావా తల్లీ?" అని, నేను జవాబు చెప్పేలోగా పెదవి చూసి, "అయ్యో, సొన తాకించుకున్నావా!" అని వెన్న రాసేశారు.

వెంకట్రామయ్యగారు పెద్ద గొంతు మనిషి. దేనికీ ఆగరు.

"ఏ పని మీద వచ్చావమ్మాయ్?"

"ఇళ్లూ, పనికి రాకపోకలూ, వీటికొక మోడల్ తయారు చేయాలండీ."

"ఓస్, అంతేనా!" అన్నారు. అన్నం తిని కాసేపు నడుం వాల్చి లేచేసరికి వాకిట్లో ఒక వడ్రంగి ఉలీ సుత్తీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. "ఎంత ఎత్తు కావాలో చెప్పమ్మా," అన్నాడు. "కిటికీలు తెరుచుకోవాలా, ఊరికే గీస్తే చాలా?"

మోడల్ అంటే ఎగ్జిబిషన్‌లో పెట్టే బొమ్మ ఇల్లనుకున్నారు వెంకట్రామయ్యగారు. కాదు, లెక్క అని చెప్పాను. ఆయన వడ్రంగి వంక చూసి, "లెక్కలో ఇల్లెట్టా పడుతుందమ్మాయ్? ఇంట్లో లెక్క పడాలి గానీ," అన్నారు. వడ్రంగి ఉత్త చేతులతో పోవడం ఆయనకు నచ్చక, రత్తమ్మగారి కత్తిపీటకు కొత్త చెక్క వేయించి పంపారు.

ఆ రాత్రి భోజనంలో మామిడికాయ పప్పు, కొత్త ఆవకాయ, చివరికి పెరుగన్నంలో రసం పిండుకోవడం. పెరుగూ మామిడిపండూ కలపడమేమిటని నేను ముఖం చిట్లించాను. రెండో ముద్దకు నోరు మూసుకున్నాను. మా అమ్మకు ఈ సంగతి చెప్తే జొన్నరొట్టె తిన్న నోటితో ఇవేం పాడు అలవాట్లంటుంది. ఆమెకు చెప్పలేదు, మీకు చెప్తున్నాను.

వాగవతల

మర్నాడు వాగు దాటి అవతలి పల్లెకు వెళ్లాను. వేసవిలో వాగంటే ఇసుక, మధ్యలో చీలమండలు తడిసేపాటి నీళ్లు. అదే సరిహద్దు. వెనకటికి అక్కడ నైజాం వాళ్ల చౌకీ ఉండేదట, సుంకం కట్టందే మూట దాటనిచ్చేవారు కాదట. ఇప్పుడా చౌకీ గోడ మీద పిడకలు కొడుతున్నారు.

పల్లెలో కనిపించిన ప్రతివారినీ అడిగాను. ఇల్లెక్కడ, పనెక్కడ. ఇల్లు ఇక్కడే. పనో?

"సర్కార్ల పనిచేస్తం."

మొదటి మనిషి అలా చెప్తే సంతోషించాను. రెండో మనిషీ అదే మాట. మూడో ఇంట్లో మొగుడూ పెళ్లాలిద్దరూ సర్కార్లోనే. చిరుగుల పంచె కట్టుకుని గడ్డిమోపు ఎత్తుకొస్తున్న ముసలాయన కూడా, తన జన్మంతా సర్కార్లోనే గడిచిపోయిందన్నాడు. నాకు మతి పోయింది. ఇంతమంది గవర్నమెంటు ఉద్యోగులున్న పల్లె మద్రాసు చుట్టుపక్కల కూడా లేదు. వెనకబడ్డ ప్రాంతమని ఎవరన్నారని మనసులో మాస్టారితో వాదన కూడా పెట్టుకున్నాను. పింఛను ఎంత వస్తుందని ఆ ముసలాయన్ని అడిగాను. ఆయనకు ఆ మాట అర్థం కాలేదు, నా పెదవి వల్లేమోనని మళ్లీ నిదానంగా అడిగాను.

పక్కింటి అరుగు మీద చేట చెరుగుతున్న ఒకామె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. ఆమె పేరు మంగమ్మ. ముప్ఫై ఏళ్లుండవు. ఈ కథలో నాకు మిగిలిన మనిషి ఆమే.

"ఏందమ్మా మీరనేది? సర్కారంటే కొలువు గాదు. సర్కారు జిల్లా. వాగు దాటితే సర్కారే గద! మేం మామిడితోటల కూలికి పోతం."

పాత రోజుల్లో కోస్తా జిల్లాలను సర్కారులనేవారని నేను పిల్లలకు పాఠం చెప్తాను. పరీక్షలో ఆ ప్రశ్న ఇచ్చాను కూడా. ఆ మాట ఇంకా ఒకరి నోట్లో బతికి ఉండి నా చెవిన పడితే గుర్తుపట్టలేకపోయాను. వాగుకు ఇటువైపు వాళ్లు అటుపక్కను ఇంకా నైజామంటారు, అటువైపు వాళ్లు ఇటుపక్కను సర్కారంటారు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. పొద్దుటి నుంచి రాసిందంతా కొట్టేసి, మంగమ్మ అరుగు మీద కూర్చుని మంచినీళ్లడిగాను.

అలా ఆమె సంగతి తెలిసింది. ఆమె భర్త పోచయ్య పెళ్లయిన కొత్తలోనే డ్యాము పనులకు వెళ్లిపోయాడు. ఏళ్ల తరబడి అక్కడే. పండక్కొచ్చి పోయేవాడు. తిరిగొచ్చి, మా వెంకట్రామయ్యగారి తోటలోనే కావలికి కుదిరాడు. కావలివాడు తోట వదిలి పోకూడదు, రాత్రి పూట అసలే పోకూడదు. అందుకని మంగమ్మ కూడా తోటలో పాకలోకి మారింది. మంచం, కుండలు, రెండు కోళ్లు, అన్నీ అక్కడికే చేరాయి. పిల్లలింకా లేరు. ఆ రోజు కూలి లేదని గుడిసె చూసుకోవడానికి ఇటు వచ్చిందట.

"మరి ఈ ఇల్లో?"

"ఇది ఇల్లు. కాపురం ఆడ."

నేను కలం ఆపేశాను. ఇల్లెక్కడో కాపురం అక్కడే కదా అన్నాను. మంగమ్మ చేట పక్కన పెట్టి, నాకు ఓపిగ్గా చెప్పింది. ఆమె ఉన్న ఆ గుడిసె ఊరుమ్మడి జాగాలో ఉంది. ఎవరైనా లేవగొట్టవచ్చు. ఇప్పుడు పంచాయతీ సమితి వాళ్లు గుడిసెలవాళ్లకు సొంత స్థలాలు ఇస్తున్నారు. ఊళ్లో నిజంగా ఉండేవాళ్లకే ఇస్తారు. ఈ వారంలో ఎప్పుడో ఆఫీసరొచ్చి చూస్తాడు. ఇంట్లో మనిషి మసలుతున్న జాడ లేకపోతే పేరు కొట్టేస్తాడు.

"మా అమ్మకు సొంత జాగా లేదు, మా అత్తకు లేదు. నాకన్నా ఉండాలె. గుడిసె లేవగొడితే ఏడికి పోవాలమ్మా? తోట మనది గాదాయె."

తోటలోనే స్థలం అడగకూడదా అన్నాను. అడిగారట. వెంకట్రామయ్యగారు పాకలో ఎన్నాళ్లయినా ఉండమన్నారు గానీ, స్థలం మాట ఎత్తేసరికి వక్కపొడి డబ్బా కోసం వెతుక్కున్నారట. నాకు మా బళ్లారి మామయ్య గుర్తొచ్చాడు. ఆయనా అంతే, ఏదైనా అడిగితే ముక్కుపొడి డబ్బా వెతుక్కుంటాడు. ఆ విషయంలో సరిహద్దుకు ఏ పక్కనున్నా ఒకటే.

వాగు దగ్గర

మాస్టారి ఆజ్ఞ: పొద్దున్నే దారిలో నిలబడి, ఎటునుంచి ఎటు ఎంతమంది పనికి వెళ్తున్నారో చూడాలి. మూడో రోజు తెల్లవారుతుండగా వాగు గట్టున కూర్చున్నాను. జనం రావడం మొదలైంది. కానీ పల్లె నుంచి తోటల వైపు కాదు. తోటల నుంచి పల్లె వైపు. అంతా ఆడవాళ్లే. చేతుల్లో ఏమీ లేవు, కొందరి కొంగున మాత్రం చిన్న మూట. గబగబా ఇసుకలో నడిచి వాగు దాటి వెళ్లిపోతున్నారు.

దిక్కులు తప్పానేమోనని సూర్యుణ్ని చూసుకున్నాను. సరిగ్గానే ఉన్నాడు. అయితే తోటల్లో ఇళ్లుండి పల్లెలో పనులున్నాయా? పల్లెలో ఏం పని? మంగమ్మ కనిపిస్తే లేచి ఆమె వెంట పడ్డాను.

"ఎక్కడికి మంగమ్మా? పనికేనా?"

"ఇంటికమ్మా."

"ఇంటికెందుకు?"

"ముగ్గెయ్యను."

కొంగున ఉన్నది ముగ్గుపిండి. మామిడి కాపు ఉన్నన్నాళ్లూ పల్లెలో సగం కుటుంబాలు తోటల్లోనే ఉంటాయి. ఆఫీసరు ఎప్పుడొస్తాడో ఖాయంగా తెలియదు. అందుకని ఆడవాళ్లు తెల్లారేసరికి పల్లెకొచ్చి, తాళం తీసి, వాకిలి ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గు వేసి, పొయ్యి వెలిగించి, ఓ గిన్నెడు జావ కాచుకుని, మళ్లీ తాళం వేసి పరుగున తోటల్లో పనికి వచ్చేస్తున్నారు. ముగ్గుంటే ఇంట్లో మనుషులున్నట్టు. పొయ్యిలో వేడి బూడిద ఉంటే వంట జరిగినట్టు.

నేను మంగమ్మ వాకిట్లో నిలబడి ఆమె ముగ్గు వేయడం చూశాను. ఎవరూ చూడని ముగ్గు, ఎవరూ ఉండని ఇల్లు. అయినా చుక్కలు చాలా శ్రద్ధగా పెట్టింది. ఒక గీత వంకరపోతే చెరిపి మళ్లీ వేసింది. ఆఫీసరు గీతలు కూడా చూస్తాడా అన్నాను.

"ఆఫీసరు కోసం వేస్తున్న గానీ, ముగ్గు నాదే గద," అంది.

మనుషులు ఇంటి నుంచి పనికి వెళ్తారని మాస్టారి మోడల్. ఇక్కడ ఇంటికి వెళ్లడమే ఒక పనైంది. బాణం గుర్తు ఎటు వేయాలో తెలియక, పెన్సిలు నోట్లో పెట్టుకున్నాను. పుండు పెదవికి తగిలి ప్రాణం పోయినంత పనైంది. మంగమ్మ జావలో కాస్త మజ్జిగ పోసి ఇచ్చింది. ఉప్పు ఎక్కువైంది. అయినా తాగాను.

ఆ మధ్యాహ్నం తోటలో పోచయ్యను చూశాను. పొడుగ్గా, సన్నగా, తక్కువ మాటల మనిషి. గెడకు కట్టిన వల చిక్కంతో కాయ కింద పడకుండా కోస్తున్నాడు. మంగమ్మ కింద నిలబడి అందుకుంటోంది. ఆమె ఏదో అంది, అతను కొమ్మ చాటున నవ్వాడు. ఈ ఏడు వెంకట్రామయ్యగారు కొత్తగా అంటుమొక్కలు నాటించారు. వాటికి నీళ్లు పొయ్యాలి, పశువులు మేయకుండా చూడాలి. కావలి ఇక ఏడాది పొడుగునా కావాలి. పోచయ్యకు అది మంచి కబురు. మళ్లీ డ్యాముకు పోనక్కర్లేదు.

ఆఫీసరు

మర్నాడు నేను పల్లెలో ఉండగానే ఆఫీసరు జీపు వచ్చింది. కుర్రవాడు, మర్యాదస్తుడు, ఇస్త్రీ చొక్కా. దురుసుగా ఒక్క మాట అనలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. దురుసు మనిషితోనైతే పోట్లాడవచ్చు. ఒక్కో ఇల్లూ చూసుకుంటూ మంగమ్మ గుమ్మం ముందుకు వచ్చాడు. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచి లోపలికి తొంగి చూశాడు. పొయ్యి చూశాడు. తల ఊపాడు. తర్వాత గోడల చుట్టూ చూసి అడిగాడు.

"ఏమ్మా, మంచమేది?"

మంగమ్మకు ఉన్న ఒక్క నులక మంచం తోటలోని పాకలో ఉంది. పొద్దున్నే నడిచొచ్చేటప్పుడు ముగ్గుపిండి తేవచ్చు, మంచం ఎలా తెస్తుంది?

"కింద చాపేసుకుంటం సారు."

"చాప కూడా లేదే."

వెనక నిలబడ్డ ఆడవాళ్లంతా తలలు దించుకున్నారు. వాళ్ల మంచాలూ అక్కడే ఉన్నాయి. ఆఫీసరు నావైపు తిరిగాడు. "మేడమ్ గారూ, మీరు సర్వే చేస్తున్నారని విన్నాను. మీరైతే పక్షపాతం లేకుండా చెప్తారు. ఈవిడ ఇక్కడ ఉంటోందా?"

మంగమ్మ నా ముఖం చూడలేదు. తన ముగ్గు వంక చూస్తోంది. అంతకుముందెన్నడూ నన్నెవరూ ఇంత ముఖ్యమైన ప్రశ్న అడగలేదు. ఉంటోందంటే అబద్ధం. ఉండడం లేదంటే అదీ నిజం కాదు. ఇల్లంటే ఏమిటో తెలిసినవాళ్లెవరైనా ఆ క్షణంలో నా పక్కనుంటే కాళ్లు పట్టుకునేదాన్ని. చివరికి కళ్లతో చూసింది చెప్పాను.

"నేను చూసిన ప్రతి రోజూ ఈమె ఇంటికి వస్తూనే ఉందండీ."

"పని నుంచి ఇంటికి. అంతేగా?"

"ఇంటికేనండీ," అన్నాను.

ఆయన తృప్తిపడ్డాడు. మంగమ్మ పేరు ఉంచాడు. ఆమె వెనకవాళ్లవీ ఉంచాడు. వెళ్తూ వెళ్తూ మెత్తగానే ఒక మాట చెప్పాడు. స్థలం చేతికొచ్చాక అక్కడ గుడిసె వేసుకుని ఉండి తీరాలి. మళ్లీ వస్తాడు, చీకటి పడ్డాక వస్తాడు. దీపం కనపడాలి, మంచం కనపడాలి. లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాడు. "మీ మంచికే," అన్నాడు. నిజంగానే అలా అనుకున్నాడని నాకు అనిపించింది.

జీపు వెళ్లగానే ఆడవాళ్లు నన్ను చుట్టుముట్టారు. ఒకామె నా బుగ్గలు పుణికింది. నేను పొంగిపోయాను. అంతా తేలిపోయిందనుకున్నాను. పైగా మాస్టారికి చెప్పడానికి ఒక ఫలితం కూడా దొరికింది.

మంచం

మర్నాడు సాయంత్రం నేను చాట్రాయి బస్సు కోసం మూట సర్దుకుంటుంటే, రత్తమ్మగారు కిటికీలోంచి చూసి, "అదేంటే, పోచయ్య మంచమెత్తుకుని ఎటు పోతున్నాడు?" అన్నారు. బయటికి వచ్చి చూశాను. పోచయ్య నులక మంచాన్ని తలకిందులుగా నెత్తిన పెట్టుకుని వాగు వైపు నడుస్తున్నాడు. వెనకే మంగమ్మ, చంకలో కుండ, చేతిలో కాళ్లు కట్టేసిన కోళ్లు. నా మూట అక్కడే వదిలేసి వాళ్లతో పాటు నడిచాను. కోళ్లు దారంతా అరుస్తూనే ఉన్నాయి.

స్థలం ఇంకా చేతికి రాలేదు, అప్పుడే ఎందుకన్నాను. ఆఫీసరు ఎప్పుడొస్తాడో తెలియదు కదా అంది మంగమ్మ. పోచయ్యను అడిగాను, నువ్వు కూడా రాత్రికి గుడిసెకు వచ్చేయకూడదా అని. నా ప్రశ్న విని అతను మర్యాదగా తల వంచుకున్నాడు. కావలివాడు రాత్రి తోట వదిలితే కావలి ఉండదు. కావలి లేకపోతే మళ్లీ డ్యామే. అది నాకు తెలుసు. తెలిసే అడిగాను, వేరే ఏమడగాలో తోచక.

గుడిసెలో మంచం వేశాడు. ఒక మంచంకోడు ఎగుడుదిగుడుగా ఉంటే కింద రాయి పెట్టి కదిపి చూశాడు. మంచినీళ్లు తాగాడు. "పోతున్న," అని, భుజం మీద తువ్వాలు దులుపుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

మంగమ్మ దీపం వెలిగించి గుమ్మంలో పెట్టింది. ఆమె చిన్నప్పటి నుంచి కావాలనుకున్నది రాబోతోంది. సొంత స్థలం. ఎవరూ లేవగొట్టలేరు. నేను చెప్పిన మాట వల్లే వస్తోంది. మేమిద్దరం గుమ్మంలో నిలబడి వాగు వైపు చూస్తున్నాం. తెల్ల తువ్వాలు ఇసుకలో ఇంకా కనిపిస్తోంది.

"అమ్మా, మీరు చదువుకున్నరు. ఒకటి అడుగుత," అంది. "పొద్దుగాల లేసి కూలికి పోత గద తోటకు. పగలంతా ఆయన ఆడనే ఉంటడు, నేనూ ఆడనే ఉంట. పొద్దుగూకితే దీపం పెట్టను ఈడికి రావాలె. ఇన్ని దినాలు ఇంటికి ముగ్గెయ్యను వచ్చిపోయిన, ఇంక మొగుడి దగ్గరికి కూలికి పోవాలె. ఇంతకూ నేను ఆయనతోని కాపురం చేస్తున్నట్టా, లేనట్టా?"

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఆమె నన్ను తప్పు పట్టడం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడుగుతోంది, నాకు తెలిసే ఉంటుందని నా ముఖంలోకి చూస్తోంది. నేను చూపు తిప్పుకుని వాగు వైపు చూశాను. పోచయ్య అవతలి గట్టెక్కి ఒకసారి వెనక్కి తిరిగాడు. మంగమ్మ దీపం చేతిలోకి తీసుకుని పైకెత్తి పట్టుకుంది. అతను చెట్లలోకి వెళ్లిపోయాక కూడా దించలేదు.